విమానం వెంట వెళ్లే పుస్తకం
(చదువుకుందాం – ఆలోచిద్దాం: 7, 8, 9 తరగతుల కోసం)



డుమాస్ రోడ్డులో వెళ్తుంటే తల పైకెత్తి విమానాలు చూసే అలవాటు మీలో చాలామందికి ఉంది. పెద్ద జెట్ విమానాల మధ్య అప్పుడప్పుడు ఒక చిన్నది కూడా కనబడుతుంది. దానికి ఒకటే ఇంజను, ముక్కు మీద ఒకటే ప్రొపెల్లరు. మన సూరత్ నుంచి భావ్‌నగర్, అమ్రేలి వంటి ఊళ్లకు తొమ్మిది మంది ప్రయాణికులతో సర్వీసులు నడిపిన సెస్నా కారవాన్ అలాంటిదే. ఇంతకంటే చిన్నవి, నలుగురు మాత్రమే కూర్చోగలిగేవి కూడా ఉన్నాయి. కొన్ని ఫ్లయింగ్ క్లబ్బులవి, కొన్ని ఎవరో ఒకరి సొంతం.

కిందటేడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె నన్ను అడిగింది: "మేడమ్, పాతదైపోయిందని నాన్న మా కారు అమ్మేశారు. దానికి పదిహేనేళ్లే. మరి విమానం ఎన్నేళ్లు ఎగురుతుంది?"

"బాగా చూసుకుంటే యాభై ఏళ్లు దాటినా ఎగురుతుంది" అన్నాను.

"అన్నేళ్లలో సామాన్లన్నీ మార్చేసి ఉంటారు కదా? అప్పుడు కూడా అది అదే విమానమా?"

మొదటి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగలిగాను. రెండో దానికి కొంత చదవాల్సి వచ్చింది. ఆ చదివిందే ఈ పాఠం.

1. యాభై ఏళ్ల విమానం, డెబ్బై ఎనిమిదేళ్ల పైలట్

భారతదేశ పటం తీసుకోండి. అహ్మదాబాద్ నుంచి ముంబయికి స్కేలు పెట్టి గీత గీయండి. ఆ గీత మన సూరత్ పక్కనుంచే పోతుంది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా పస్ మాత్ అనే చిన్న విమానంలో ఉత్తరాల సంచులు వేసుకుని కరాచీ నుంచి అహ్మదాబాద్‌కు, అక్కడినుంచి ముంబయిలోని జుహూకు ఒంటరిగా వచ్చారు. అహ్మదాబాద్‌లో విమానంలో పోయడానికి పెట్రోలు డబ్బాలు ఎద్దుల బండి మీద వచ్చాయట. ముంబయి నుంచి ఆ ఉత్తరాలను నెవిల్ విన్సెంట్ అనే పైలట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు. మన దేశంలో విమాన సర్వీసుల చరిత్రలో అదొక పెద్ద మొదలు.

సరిగ్గా 50 ఏళ్ల తరువాత, 1982 అక్టోబరు 15న, టాటా అదే దారిలో మళ్లీ ఒంటరిగా ఎగిరారు. అప్పుడాయన వయసు 78. ఈసారి ఆయన నడిపింది లెపర్డ్ మాత్. ఆ రకం విమానాలను తయారుచేసింది 1933 నుంచి 1936 వరకే. అంటే విమానానికి కూడా దాదాపు యాభై ఏళ్లు. పైలట్ ధైర్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. ఆ విమానాన్ని ఎగరడానికి సిద్ధం చేసిన మెకానిక్కుల చేతులను కూడా మనం తలుచుకోవాలి. చెక్క, గుడ్డ, ఇనుము వాటంతట అవి యాభై ఏళ్లు నిలవవు. ఎవరో ఒకరు నిలబెడితేనే నిలుస్తాయి.

2. ప్లగ్గుల కథ

ఇదే టాటా జీవితంలో మరో సంఘటన ఉంది. 1930లో ఆగాఖాన్ ప్రకటించిన ఒక బహుమతి కోసం పోటీ జరిగింది. ఇంగ్లండ్, భారతదేశాల మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయుడికి 500 పౌండ్లు. టాటా కరాచీ నుంచి ఇంగ్లండ్ వైపు బయలుదేరారు. ఆస్పీ ఇంజనీర్ అనే 17 ఏళ్ల కుర్రాడు ఇంగ్లండ్ నుంచి ఇటు వస్తున్నాడు. ('ఇంజనీర్' ఆయన ఇంటిపేరు, ఉద్యోగం కాదు!) ఈజిప్టులోని అబూకిర్ దగ్గర ఇద్దరూ కలిశారు. ఆస్పీ విమానం స్పార్క్ ప్లగ్గులు లేక ఆగిపోయి ఉంది. టాటా తన దగ్గరున్న అదనపు ప్లగ్గులు ఇచ్చేశారు. ఆస్పీ బయలుదేరాడు, బహుమతి గెలిచాడు. తరువాతి కాలంలో ఆయన మన వైమానిక దళానికి అధిపతి అయ్యారు.

టాటా పెద్ద మనసుకు ఉదాహరణగా ఈ కథ చెబుతారు. అది నిజమే. విమానం వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. వేల కిలోమీటర్ల ప్రయాణం అరచేతిలో పట్టే ఒక ప్లగ్గు దగ్గర ఆగిపోయింది. లింబాయత్ వైపు మగ్గాల మీద పనిచేసే మన తెలుగు కుటుంబాల వారిని అడగండి, ఒక్క పోగు తెగితే మగ్గం ఆపాల్సిందేనని చెబుతారు. మగ్గం నేల మీదే ఆగుతుంది. విమానం ఇంజను ఆగేది గాలిలో. అయినా అది రాయిలా పడిపోదు. సెస్నా 172 లాంటి విమానం ఇంజను ఆగినా, గాలి లేని వేళ, 1 కిలోమీటరు ఎత్తు నుంచి సుమారు 9 కిలోమీటర్లు జారుతూ వెళ్లగలదు. ఆ తొమ్మిది కిలోమీటర్లలో దిగడానికి చోటు దొరకాలి. అందుకే తెగబోయే పోగును నేల మీదే పట్టుకోవాలి.

3. విమానం వయసు గంటల్లో

ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ సంఖ్యలో తయారైన విమానం సెస్నా 172. మొదట 1955లో ఎగిరింది. ఇప్పటిదాకా 44,000కు పైగా తయారయ్యాయి. 1970లలో తయారైనవి కూడా ఇంకా ఎగురుతున్నాయి. దీన్నే ఉదాహరణగా తీసుకుందాం.

కారు వయసును ఏళ్లలోనో కిలోమీటర్లలోనో చెబుతాం. విమానం వయసును ముఖ్యంగా గంటల్లో లెక్కిస్తారు. 50 గంటలు నడిచాక ఇంజను నూనె, దాని ఫిల్టరు మారుస్తారు. 100 గంటలకు మూతలు విప్పి వివరంగా తనిఖీ చేస్తారు. గంటలు తక్కువైనా ఏడాదికోసారి పెద్ద తనిఖీ తప్పదు. ఈ విమానంలో వాడే లైకమింగ్ ఇంజన్లలో చాలావాటికి 2,000 గంటలకు, లేదా 12 ఏళ్లకు, ఏది ముందైతే అప్పుడు పూర్తిగా విప్పి కొత్తగా అమర్చాలని తయారీదారు సూచిస్తాడు. దీన్ని ఓవర్‌హాల్ అంటారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. విమానాన్ని వాడకుండా షెడ్డులో పెడితే బాగా ఉంటుందనుకుంటారు. అది నిజం కాదు. నడవని ఇంజను లోపల నూనె పొర జారిపోయి తుప్పు మొదలవుతుంది. 12 ఏళ్ల గడువు పెట్టింది అందుకే. ఇది మన తెలుగు రాతకూ వర్తిస్తుందని నేను చెప్పక్కర్లేదు!

సొంత విమానం ఉన్నవారు ఒక లెక్క వేసుకుంటారు. ఓవర్‌హాల్‌కు 20 లక్షల రూపాయలు అవుతుందని అనుకుందాం. 2,000 గంటలకు అంత ఖర్చంటే గంటకు 1,000 రూపాయలు. కాబట్టి ఎగిరిన ప్రతి గంటకూ పెట్రోలు ఖర్చు కాక మరో వెయ్యి పక్కన పెడతారు. అలా పెట్టనివారికి 1,999వ గంటలో భయం మొదలవుతుంది.

4. ఎక్కే ముందు

ప్రతిసారీ ఎక్కే ముందు పైలట్ విమానం చుట్టూ తిరిగి చేత్తో తాకి చూస్తాడు. చేతిలో రాసిన పట్టిక ఉంటుంది. వందసార్లు చేసినవారు కూడా పట్టిక చూసే చేస్తారు.

ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు గాజు గొట్టంలోకి తీస్తారు. విమానాల్లో ఎక్కువగా వాడే పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుంది. ట్యాంకులో నీరు చేరితే, అది పెట్రోలు కంటే బరువు కాబట్టి అడుగున బుడగలా నిలుస్తుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలిలోని తేమ చల్లబడి నీరవుతుంది. మన సూరత్ వానాకాలం ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా!

రెక్క కింద వేలెడంత గొట్టం ఒకటి ఉంటుంది. దాని పేరు పిటో గొట్టం. ఎదురుగాలి ఒత్తిడిని బట్టి విమానం వేగం చెప్పేది ఇదే. దీనికి శత్రువు ఎవరో తెలుసా? మట్టిగూడు కట్టే కందిరీగ! రెండు రోజులు వదిలేస్తే గొట్టంలో గూడు కట్టేస్తుంది. అందుకే విమానాన్ని నిలిపినప్పుడు ఎర్ర రిబ్బను వేలాడే తొడుగు వేస్తారు, ఎగిరే ముందు గుర్తుపెట్టుకుని తీస్తారు.

చివరి పరీక్ష ప్లగ్గులది. సెస్నా 172 ఇంజనులో ఎక్కువగా నాలుగు సిలిండర్లు ఉంటాయి, ఒక్కో దానికి రెండు ప్లగ్గులు. వాటికి నిప్పురవ్వ అందించే యంత్రాలు మాగ్నెటోలు. అవి రెండుంటాయి, ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుందని. పైలట్ ఒక్కో మాగ్నెటోను కాసేపు ఆపి చూస్తాడు. ఒక రకం సెస్నా 172లో ఇంజను నిమిషానికి 1,700 చుట్లు తిరుగుతుండగా ఈ పరీక్ష చేస్తారు. ఒక మాగ్నెటో ఆగితే చుట్లు కొంచెం తగ్గాలి, కానీ 125కు మించి తగ్గకూడదు.

మరి అసలు తగ్గకపోతే? అదింకా మంచిదే కదా అనిపిస్తుంది. అక్కడే జాగ్రత్తపడాలి. అసలు తగ్గలేదంటే, ఆపామనుకున్న మాగ్నెటో ఆగలేదేమో అని అనుమానించాలి. అలాంటి ఇంజను స్విచ్ ఆపేసి ఉన్నా, ఎవరైనా ప్రొపెల్లరును చేత్తో కదిపితే ఒక్కసారిగా అందుకుని తిరగవచ్చు. ఏ లోపమూ కనబడకపోవడం కూడా ఒక్కోసారి లోపానికి గుర్తే. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

5. షెడ్డులో

విమానాలుంచే షెడ్డును హ్యాంగర్ అంటారు. అక్కడ పనిచేసే లైసెన్స్ ఉన్న ఇంజనీర్లకు మన దేశంలో అనుమతి ఇచ్చేది డీజీసీఏ, అంటే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్. విమానం ఎవరి సొంతమైనా, తనిఖీ తరువాత 'ఇది ఎగరవచ్చు' అని అర్హత ఉన్నవారు సంతకం చేయాలి. 'నా విమానం, నా ఇష్టం' అనడానికి లేదు.

వారి పనిలో నాకు నచ్చినవి నాలుగు:

ఒకటి, తీసేసిన నూనె ఫిల్టరును పారేయరు. కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, లోహపు రజను ఉందేమోనని వెలుతురులో చూస్తారు. ఇంజను లోపల ఏది అరుగుతోందో ఆ రజను ముందే చెబుతుంది.

రెండు, ముఖ్యమైన బోల్టు బిగించాక సన్నని తీగను మెలిపెట్టి కడతారు. బోల్టు వదులయ్యే వైపు తిరగబోతే తీగ పట్టి ఆపుతుంది.

మూడు, మూత వేసే ముందు పనిముట్లు లెక్కపెడతారు. పన్నెండు తీస్తే పన్నెండూ తిరిగి పెట్టెలో ఉండాలి. ఒక స్పానర్ లెక్క తేలకపోతే, దొరికేదాకా విమానం కదలదు.

నాలుగు, విమానాన్ని తిప్పే తీగలనో కడ్డీలనో విప్పి బిగిస్తే, చేసినవారు చూసుకుంటే సరిపోదు. రెండో మనిషి వచ్చి మొదటి నుంచి చూడాలి. ఇది నమ్మకం లేక కాదు. మన తప్పు మన కంటికి ఆనదు కాబట్టి.

సముద్రపు గాలి తగిలే మనలాంటి ఊళ్లలో ఇంకో పని ఉంది. అల్యూమినియం మీద ఉప్పు చేరితే తెల్లని పొడిలా తుప్పు లేస్తుంది. మంచినీళ్లతో కడగడం, అతుకుల్లో తుప్పు పట్టకుండా మందు కొట్టడం, రంగు ఉబ్బిన చోట గీకి చూడడం మానకూడదు.

6. కొత్తవి చేర్చడం

పాత విమానంలో కొత్త పరికరాలు పెట్టవచ్చా? పెట్టవచ్చు, కానీ ఆ రకం విమానంలో ఆ పరికరానికి ఆమోదం ఉండాలి.

ఉదాహరణకు, పాత సెస్నాలలో విమానం ఎటు ఒరిగిందో చెప్పే పరికరంలో ఒక చిన్న చక్రం గిర్రున తిరుగుతుంటుంది. దాన్ని తిప్పడానికి గాలి పీల్చే పంపు ఉంటుంది. ఆ పంపు చెప్పాపెట్టకుండా ఆగిపోవచ్చు. మబ్బుల్లో ఉండగా ఆగితే చాలా ప్రమాదం. అందుకే చాలామంది తిరిగే చక్రం లేని ఎలక్ట్రానిక్ పరికరం పెట్టించుకుంటారు. అలాగే, ప్రమాదం జరిగితే తానున్న చోటు తెలిపే రేడియో ఒకటుంటుంది. పాతవి 121.5 మెగాహెర్ట్జ్ మీద పిలిచేవి. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు ఆ పిలుపు వినడం మానేశాయి, ఇప్పుడు 406 మెగాహెర్ట్జ్ మాత్రమే వింటాయి. పాత రేడియో చెడిపోలేదు, వినేవారు మారారు. అయినా మార్చక తప్పదు.

ఏది చేర్చినా తీసినా, విమానం తూగును మళ్లీ లెక్కకట్టాలి. తక్కెడను ఊహించుకోండి. తూగు బిందువుకు 3 మీటర్ల వెనక 4 కిలోల పెట్టె పెట్టారు. 3 × 4 = 12. దాన్ని సరితూచాలంటే 1 మీటరు ముందు 12 కిలోలు ఉండాలి. తోకలో పెట్టిన చిన్న బరువు ముక్కును అంతగా ఎత్తుతుంది. తూగు హద్దు దాటి వెనక్కి జరిగితే విమానం పైలట్ మాట వినదు.

7. పుస్తకం

ఇప్పుడు ఆ అమ్మాయి రెండో ప్రశ్నకు వద్దాం. ఇంజను మారింది, ప్రొపెల్లరు మారింది, రేడియోలు మారాయి, సీట్లు, రంగు మారాయి. యజమానులు మారారు, ఊళ్లు మారాయి. మరి అది అదే విమానమని ఎలా చెబుతాం?

దానికొక పుస్తకం ఉంటుంది. పేరు లాగ్‌బుక్. పుట్టిన రోజు నుంచి ఎన్ని గంటలు ఎగిరింది, ఏది ఎప్పుడు మార్చారు, ఎవరు సంతకం పెట్టారు అన్నీ అందులో ఉంటాయి. విమానాన్ని అమ్మితే ఆ పుస్తకాలు కూడా కొత్త యజమానికి అందుతాయి. పుస్తకం పోతే, ఎంత మెరిసే విమానమైనా విలువ పడిపోతుంది. దాని గతం ఎవరికీ తెలియదు కాబట్టి.

ఆ పుస్తకం రాయడానికి పద్ధతులున్నాయి. లోపాన్ని వాళ్లు స్నాగ్ అంటారు. 'ఇంజను బాగాలేదు' అని స్నాగ్ రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. 'ఎడమ మాగ్నెటో ఆపినప్పుడు 200 చుట్లు తగ్గాయి' అని రాయాలి. అప్పుడే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలుస్తుంది. రాసింది తప్పైతే చెరపకూడదు, తెల్ల రంగు పూయకూడదు. కిందిది కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం చేయాలి.

ఇది చదివిన రోజు నాకు మనసు చివుక్కుమంది. ఎందుకో చెబుతాను. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి నాలుగేళ్లలో మూడో బడికి వచ్చింది. ఏది అడిగినా "వచ్చు మేడమ్" అనేది. చక్కగా మాట్లాడేది. అర్ధసంవత్సర పరీక్షలో మాత్రం రెండు పేజీలు ఖాళీగా వదిలేసింది. నేను ఆమె నోట్సులో ఎర్ర సిరాతో 'శ్రద్ధ లేదు' అని రాశాను. తరువాతి వారం వాళ్లమ్మగారు వచ్చి చెబితే తెలిసింది, 6, 7 తరగతులు చదివిన చోట తెలుగు చెప్పేవారే లేరని. ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఆమెకు ఎవరూ నేర్పలేదు. అడిగితే నవ్వుతారని 'వచ్చు' అంది. చుట్లు అసలు తగ్గని మాగ్నెటో అది. అనుమానించాల్సింది నేను.

నాది కూడా బదిలీల ఉద్యోగమే. రాజస్థాన్‌లో, అస్సాంలో, విశాఖలో పనిచేసి ఇక్కడికి వచ్చాను. ప్రతి బడిలో మొదటి నెల ఏమీ తెలియకపోయినా తెలిసినట్లు తల ఊపాను. అలాంటి నాకే ఆ పిల్ల మౌనం అర్థం కాలేదు.

నోట్సు తెప్పించుకున్నాను. 'శ్రద్ధ లేదు' మీద ఒక్క గీత కొట్టి, పక్కన ఇలా రాశాను: '6, 7 తరగతుల్లో తెలుగు పాఠాలు జరగలేదు. ఒత్తుల నుంచి మొదలుపెట్టాలి.' తేదీ వేసి సంతకం చేశాను. ఆమె చాలాసేపు చూసి, "మేడమ్, కొట్టేసింది కూడా కనబడుతోంది" అంది. "కనబడాలి. అది నా స్నాగ్" అన్నాను. మరుసటి రోజు నుంచి భోజన విరామంలో పావుగంట చొప్పున ఒత్తులు దిద్దాం. మార్చిలో ఆమె రాసిన వ్యాసంలో ఏడు తప్పులున్నాయి, ఖాళీ పేజీ లేదు.

మీలో చాలామంది వచ్చే ఏప్రిల్‌లో ఇంకో ఊరు వెళ్తారు. ఇల్లు, బడి, స్నేహితులు మారతారు. కొన్ని పాఠాలు అక్కడ అయిపోయి ఉంటాయి, కొన్ని మొదలే కావు. బడి మీకు ఇచ్చే టీసీలో తరగతి ఉంటుంది. ఏ పాఠం ఎక్కడ ఆగిందో అందులో ఉండదు. ఆ పుస్తకం మీరే రాసుకోవాలి. కొత్త బడిలో మొదటి వారమే టీచర్ ముందు పెట్టండి. 'నాకు ఇది రాదు' అనేది సిగ్గుపడే మాట కాదు. మరమ్మతు అక్కడినుంచే మొదలవుతుంది.

కొత్త మాటలు

హ్యాంగర్ – విమానాలుంచే షెడ్డు
ఓవర్‌హాల్ – ఇంజనును పూర్తిగా విప్పి, అరిగినవి మార్చి, తిరిగి అమర్చడం
మాగ్నెటో – ప్లగ్గులకు నిప్పురవ్వ కోసం విద్యుత్తు ఇచ్చే యంత్రం
పిటో గొట్టం – వేగం తెలుసుకోవడానికి ఎదురుగాలిని పట్టే గొట్టం
స్నాగ్ – విమానంలో కనబడిన లోపం
తూగు బిందువు – ఏ చోట మోస్తే బరువు రెండు వైపులా సమంగా తూగుతుందో ఆ చోటు

ఆలోచించి రాయండి

1. వాడకుండా ఉంచిన ఇంజను ఎందుకు పాడవుతుంది?
2. మాగ్నెటోను ఆపినప్పుడు చుట్లు అసలు తగ్గకపోతే ఎందుకు అనుమానించాలి?
3. తూగు బిందువుకు 2 మీటర్ల వెనక 9 కిలోల పరికరం పెట్టారు. 3 మీటర్ల ముందు ఎన్ని కిలోలు పెడితే సరితూగుతుంది?
4. 'శ్రద్ధ లేదు' అన్న మాటకూ, దాని పక్కన రాసిన మాటకూ తేడా ఏమిటి? మీ మాటల్లో ఐదు వాక్యాలు రాయండి.

చేసి చూడండి

ఒక నోటుపుస్తకం తీసుకుని మీ తెలుగు లాగ్‌బుక్ మొదలుపెట్టండి. ఏ ఊళ్లో, ఏ తరగతిలో, ఏం నేర్చుకున్నారో, ఏది ఆగిపోయిందో తేదీలతో రాయండి. ప్రతి స్నాగ్ స్పష్టంగా ఉండాలి. 'తెలుగు రాదు' అని కాదు, 'ళ, ల తేడా తెలియడం లేదు' అని. తప్పు రాస్తే చెరపకండి, గీత కొట్టి పక్కన రాయండి. మొదటి పేజీ మీద సంతకం కోసం నా దగ్గరకు రండి.